నిద్రలేవని పలక

అమీర్‌పేటలోని ఆ సందులో చేతికి పాంప్లెట్ అంటకుండా నడవగలిగేది రాగసుధ ఒక్కతే. మెట్రో మెట్ల దగ్గర్నుంచి మలుపు దాకా కోచింగ్ సెంటర్ల వాళ్లు వరసగా నిలబడి, వచ్చేపోయే ప్రతివాళ్ల చేతిలోనూ జావా అనో, డేటా సైన్స్ అనో ఒక కాగితం కుక్కుతుంటారు. రాగసుధ తెల్లకర్ర చప్పుడు దగ్గరికి రాగానే మాత్రం పక్కకు జరిగి దారి ఇస్తారు. అది మర్యాదే. కానీ ఆ మర్యాద వల్ల ఆమె ఎక్కడికి వెళ్లినా చుట్టూ కాస్త ఖాళీ ఏర్పడేది.

ఆమె పుట్టుగుడ్డి. కాకినాడలో పెరిగి, చదువుకుని, ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చింది. పంజాగుట్టలో ఆఫీసున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు. మొదట్లో రోజూ మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం వెళ్లివచ్చేది. క్యాంటీన్‌లో ఎవరో ఒకరు పలకరించేవారు. తరవాత కంపెనీ ఆ అంతస్తు ఖాళీ చేసి అందరినీ ఇళ్ల నుంచే పని చేసుకోమంది. ఇప్పుడు మనుషులంటే మీటింగుల్లో వినిపించే గొంతులే. మీటింగ్ అయిపోగానే టుంగుమని ఒక చప్పుడు, ఆ తరవాత ఫ్యాను చప్పుడు.

ఆమెకు పనిలో తోడు ఒక బ్రెయిల్ డిస్‌ప్లే. దాన్ని ఆమె పలక అనేది. జానెడున్నర పొడవు, మందపాటి పుస్తకమంత బరువు. తెరమీది ఒక్కో వరస దాని మీద చుక్కలై పైకి లేస్తుంది, వేళ్లతో తడిమి చదువుకోవాలి. చదివి వినిపించే ప్రోగ్రాము కూడా కంప్యూటర్‌లో ఉంది. ఉత్తరాలూ వార్తలూ చెవితో వినొచ్చు. కానీ వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాములో ఒక బ్రాకెట్టు ఎక్కువైందనో, ఒక కామా జారిపోయిందనో పట్టుకోవాలంటే చెవి చాలదు, వేళ్లే కావాలి. ఆ పలక సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

ఒకరోజు పొద్దున కంప్యూటర్‌కు కొత్త కెర్నెల్ వేసుకుంది. కెర్నెల్ అంటే కంప్యూటర్ లోపలి యంత్రాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము. ఒక్కో పరికరంతో దానికి అర్థమయ్యేలా మాట్లాడే చిన్న భాగాన్ని డ్రైవర్ అంటారు. కాఫీ కలుపుకుని వచ్చి పలక మీద వేళ్లు పెడితే చదునుగా, గచ్చులా ఉంది. తీగ తీసి పెట్టింది. చుక్కలు లేచాయి. హమ్మయ్య అనుకుని కప్పు అందుకుని, రెండు గుక్కలు తాగి మళ్లీ తడిమితే మళ్లీ చదును. తను ముట్టుకోకుండా కాసేపు వదిలేస్తే చాలు, పలక చచ్చిపోతోంది. పాత కెర్నెల్‌లోకి తిరిగి వెళ్తే నిక్షేపంలా పనిచేసింది. అంటే చెడిపోయింది పలక కాదు. నిన్నటిదాకా సరిగ్గా నడిచిన డ్రైవర్‌ను కొత్త కెర్నెల్‌లో ఎవరో ఏదో చేశారు.

కెర్నెల్ రాసేవాళ్లంతా ఈమెయిల్లో ఉత్తరాలు రాసుకునే మెయిలింగ్ లిస్టు, అంటే జాబితా ఒకటుంది, దానికి ఆమె ఫిర్యాదు పంపింది. జవాబు మర్యాదగానే వచ్చింది. "ఈ పరికరం మాలో ఎవరి దగ్గరా లేదు. ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదు. ఏ మార్పు వల్ల చెడిందో మీరే వెతికి చెప్పగలరా?"

పాత కెర్నెల్‌తోనే బతికేయొచ్చు. కానీ కంపెనీ అందరినీ త్వరలో కొత్తదానికి మారమంది. అదీగాక, ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదన్న ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ప్రపంచం మొత్తంలో ఈ బాధ తన ఒక్కదానిదేనా?

వెతికే పద్ధతి ఆమెకు తెలుసు. బాగున్న పాతదానికీ చెడిన కొత్తదానికీ మధ్య వేల మార్పులున్నాయి. సరిగ్గా మధ్యలో ఒక కెర్నెల్ తయారుచేసి చూడాలి. పలక బతికితే తప్పు తరవాతి సగంలో ఉన్నట్టు, చస్తే ముందు సగంలో. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. అలా పోగా పోగా ఒక్క మార్పు దగ్గర ఆగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ మధ్యలోని కెర్నెళ్లలో వేరే ఎవరిదో పొరబాటు వల్ల ఆమె లాప్‌టాప్‌లో శబ్దం రాదు. పలక చస్తే చుక్కలుండవు, శబ్దం లేక మాటా ఉండదు. ఏ కెర్నెల్ లేచిందో, తెర మీద ఏం రాసుందో చెప్పేవాళ్లు ఉండరు. ఫోన్ కెమెరాతో చదివించి చూసింది. నల్లటి తెరమీది సన్నటి అక్షరాలను అది పిచ్చిపిచ్చిగా చదివింది.

కళ్లున్న మనిషి కావాలి.

గేటు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్న మంగవ్వ ఒకసారి మాటల్లో చెప్పింది గుర్తొచ్చింది, పై అంతస్తులో ఒక్కతే ఉండే అరుణాదేవి అనే ఆవిడ పేపరాఫీసులో చేసి రిటైరయిందని. రాగసుధ మెట్లెక్కి తలుపు తట్టింది. అదే బిల్డింగులో ఏళ్లుగా ఉంటున్నా ఆ తలుపు తట్టడం అదే మొదలు.

"చదవడమా? జీవితమంతా అదే చేశానమ్మాయ్, ప్రూఫ్‌రీడర్ని" అంది అరుణాదేవి. గోదావరి జిల్లా యాస ఇంకా పోలేదు. "ఏంటి చదవాలి?"

"అర్థం ఉండదాంటీ. అన్నీ అంకెలూ, ఇంగ్లీషు అక్షరాలూ."

"అర్థంతో నాకేం పని? ప్రూఫు చదివేటప్పుడు అర్థం వెంట పడితే తప్పు జారిపోతుంది. పద, వస్తున్నా."

అప్పట్నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ఫ్లాస్కులో అల్లం టీ పోసుకుని దిగి వచ్చేది. రాగసుధ అప్పటికి ఒక కెర్నెల్ తయారుచేసి పెట్టుకునేది. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేస్తే, తెర మీద అప్పటిదాకా తయారైన కెర్నెళ్ల పేర్లన్నీ వరసగా వస్తాయి. పేర్లు ఒకేలా ఉంటాయి, చివర అంకె ఒక్కటే తేడా. కావలసినదాని మీదికి తీసుకెళ్లి నొక్కాలి. అరుణాదేవి చదివే తీరు రాగసుధకు మహా ఇష్టంగా ఉండేది. చుక్కను చుక్కనీ, గీతను గీతనీ, ఖాళీ ఉంటే ఖాళీ అనీ, ఒక్కటీ వదలకుండా నిదానంగా చదివేది. తరవాత ఇద్దరూ మాట్లాడకుండా కూర్చునేవారు, పలకను ముట్టుకోకుండా కాసేపు ఆగాలి కాబట్టి. ఆ కాసేపట్లో కింది సందులో ఆటోల హారన్లు, ఎదురు బిల్డింగులోంచి ఎవరో పాఠం చెబుతున్న మైకు. అప్పుడు రాగసుధ వేళ్లు పెట్టి "బతికింది" అనో "చచ్చింది" అనో అనేది. "పాపం" అనేది అరుణాదేవి, ఏదైనా సరే.

పని అయిపోయాక కూడా ఆవిడ వెంటనే లేచేది కాదు. పేపరాఫీసు కబుర్లు చెప్పేది. ఒకసారి మంత్రిగారి పేరులో ఒక కొమ్ము ఎగిరిపోతే రాత్రికి రాత్రి కాపీలన్నీ వెనక్కి తెప్పించిన సంగతి చెప్పి నవ్వింది. రాగసుధ నవ్వి చాలాకాలమైంది. తన గొంతు గదిలో అంత గట్టిగా వినబడటం తనకే వింతగా అనిపించింది.

కొన్ని సంగతులు ఆమె చెవిన పడకపోలేదు. పట్టపగలు కూడా ఆవిడ లైటు వేయమనేది. తెరకు ఎంత దగ్గరగా వంగేదంటే ఊపిరి గాజుకు తగిలే చప్పుడు వినిపించేది. ఒక కళ్లజోడు డబ్బా తెరిచేది, మూసేది, ఇంకోటి తెరిచేది. కళ్లున్నవాళ్లు చదివే పద్ధతి ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది రాగసుధ. పోల్చుకోవడానికి ఆమెకు వేరే ఏం తెలుసు?

చివరికి వెతుకులాట ఒక్క మార్పు దగ్గర ఆగింది. అది ఎక్కడో పెద్ద పెద్ద సర్వర్లలో వాడే నెట్‌వర్క్ కార్డుకు సంబంధించినది. తన పలకకూ దానికీ ఏం సంబంధమా అని ఒక్క క్షణం సందేహం కలిగింది. కానీ అలసట, దాన్ని మించి దొరికిందన్న సంబరం. మార్పు చేసిన మనిషి పేరుతో సహా జాబితాకు రాసి పంపేసింది.

మర్నాడు జవాబొచ్చింది. "నా మార్పు ఉన్న ఫైలు మీ లాప్‌టాప్‌లో అసలు చేరనే చేరదు. మీ పరీక్షలో ఎక్కడో పొరబాటు జరిగినట్టుంది." కింద ఇంకెవరో ఒక్క వాక్యం తగిలించారు, వెతికేటప్పుడు కాస్త కళ్లు తెరుచుకుని వెతకాలని. ఆమె చూపు సంగతి తెలియక మామూలుగా అన్న మాటే అది. కంప్యూటర్ గొంతు దాన్ని మిగతా వాక్యాల్లాగే చప్పగా చదివింది. వేలమంది చదివే జాబితా. రాగసుధ చెవులు వేడెక్కాయి. ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదివించుకుంది, ఎందుకో.

ఆ మధ్యాహ్నం అరుణాదేవి ఫ్లాస్కుతో దిగి వచ్చింది.

"ఏమన్నారమ్మాయ్ నీ వాళ్లు?"

"తప్పన్నారు. ఎక్కడో ఒకచోట వేరే కెర్నెల్ నొక్కాం. అంకె తప్పు చదివారాంటీ మీరు."

"నేనా? ఏ అంకె?"

"నాకేం తెలుసు? చూసింది మీరు. ఒక్క అంకె, చివర ఉండే ఒక్క అంకె సరిగ్గా చదవడానికేం? నాకే కళ్లుంటే మిమ్మల్ని పిలిచేదాన్నా?"

బల్ల మీద ఫ్లాస్కు పెట్టిన చప్పుడైంది.

"నిజమేలే" అంది అరుణాదేవి. "వస్తానమ్మాయ్."

ఆవిడ మెట్లెక్కే చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, రెయిలింగు మీద గాజులు రాసుకుంటూ, పైమెట్టు కోసం కాలితో వెతుక్కుంటున్నట్టు. రాగసుధ విన్నది. కానీ కోపంగా ఉన్న మనిషి వినడం వేరు.

మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది, ఈసారి ఒంటరిగా. ఎవరూ చూసి చెప్పాల్సిన అవసరం లేకుండా ఒక ఉపాయం ఆలోచించింది. లాప్‌టాప్‌లో ఒక్క కెర్నెలే ఉంచుతుంది. ఎంచుకోవడానికి రెండోది ఉండదు కాబట్టి చదవాల్సిన పనీ ఉండదు. అది లేవకపోతే పెన్‌డ్రైవ్ పెట్టి, తడుముకుంటూ మళ్లీ పాతదాన్ని ఎక్కించుకోవాలి. పద్ధతి పక్కా, కానీ మహా నిదానం. తయారుచేయడం, వేయడం, ఆగడం, తడమడం, తీసేయడం. ఆ రోజుల్లో వానలు పట్టుకున్నాయి. ఆమె బయటకి కదల్లేదు. మాట్లాడిన మాటలంటూ ఉంటే అన్నం తెచ్చే డెలివరీ వాళ్లతో "అక్కడ పెట్టండి" అన్నవే. పలక కోసం ఆగే ఆ కాసేపు మునుపటికన్నా పొడుగ్గా ఉండేది. పక్క కుర్చీలో ఊపిరి లేదు, "పాపం" అనేవాళ్లు లేరు. తెలియకుండానే తనే ఒకసారి పైకి అనేసి, ఉలిక్కిపడింది.

మధ్యలో ఒకచోట తేడా దొరికింది. ఎనిమిదో కెర్నెల్‌లో పలక చచ్చింది. అరుణాదేవి చదివినప్పుడు మాత్రం అది బతికిందని రాసుకుంది. అంటే ఆ రోజు లేచింది ఎనిమిదోది కాదు. మూడోది కావచ్చు, మూడులో పలక బాగా పనిచేసేది. 8 నొక్కాల్సింది 3 నొక్కారు. రాగసుధకు మళ్లీ కోపం వచ్చింది. ఆమె వేళ్లకు 3 అంటే పక్కపక్కన రెండు చుక్కలు, 8 అంటే మూడు చుక్కలు. ఎంత తేడా! ఆ రెంటినీ మనిషన్నవాళ్లు ఎలా పొరబడతారో ఆమె ఊహకు అందలేదు.

అసలు దోషి దొరికిన రోజు వాన తెరిపిచ్చింది. చిన్న మార్పు, మంచి ఉద్దేశంతో చేసినది. కరెంటు ఆదా కోసం, కాసేపు ఎవరూ పలకరించని పరికరాన్ని కెర్నెల్ నిద్రపుచ్చుతుంది, అవసరమైనప్పుడు లేపుతుంది. మిగతా పరికరాలన్నీ లేస్తాయి. ఆమె పలకలోని పాత చిప్పు మాత్రం నిద్రలో అన్నీ మరిచిపోయి, లేపినా లేవదు. దాన్ని నిద్రపుచ్చొద్దని డ్రైవర్‌లో ఒక్క వరస చేర్చింది. కాఫీ తాగి వచ్చి తడిమితే చుక్కలు అలాగే నిలబడి ఉన్నాయి. బట్టలుతుక్కుని వచ్చి తడిమింది. ఉన్నాయి. ఈసారి రెండుసార్లు సరిచూసుకుని జాబితాకు పంపింది.

పంపాక చేతులు ఖాళీ అయ్యాయి. ఇస్త్రీ బట్టలున్నాయని గుర్తొచ్చి కిందికి దిగింది.

"మస్తు దినాలకు అవుపడ్డవ్ బిడ్డా" అంది మంగవ్వ. ఇస్త్రీపెట్టె బొగ్గుల వాసన వేస్తోంది. "పైన అమ్మ ఎట్లున్నది? దవాఖానకు పోయొచ్చిందా?"

"దవాఖానకా? ఎందుకు?"

"కండ్లకు. నీకు తెల్వదా? మొన్న నా బండికే గుద్దుకున్నది. జరంతైతే చెయ్యి కాలుతుండె. గా అమ్మకు శాన దినాలాయె, కండ్లు సక్కగ కనవడ్తలేవు."

రాగసుధ అక్కడే నిలబడిపోయింది. తరవాత ఎందుకడుగుతోందో తనకే తెలియకుండా అడిగింది. "మంగవ్వా, 3, 8 అంకెలు ఎలా ఉంటాయి?"

"గదేందమ్మా?" అని మంగవ్వ నవ్వింది. బట్టల మూటల మీద ఇంటి నంబర్లు రాయడం ఆమెకు రోజూ అలవాటే. రాగసుధ అరచేయి అందుకుని గరుకు వేలితో గీసింది. "గిది మూడు. సగం సగం సున్నలు రెండు, ఒకదాని మీద ఒకటి. గిట్ల ఎడమదిక్కు మూసినవనుకో, ఎనిమిది."

అంతే తేడా. ఒక పక్క మూసుకుపోతే చాలు.

బట్టలు అక్కడే వదిలేసి రాగసుధ మెట్లెక్కింది. తలుపు తీయడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.

"రాగసుధా? రా. దొరికిందా నీ దొంగ?"

"దొరికిందాంటీ." లోపలికి అడుగుపెట్టి, ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక గుమ్మం పట్టుకునే నిలబడింది. "కళ్ల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

కుర్చీ జరిపిన చప్పుడు. "ఒకదానికి శుక్లం. తీసేస్తారట. రెండోదానికి నీటికాసులు, అదే గ్లకోమా. అందులో పోయింది ఇక తిరిగి రాదన్నారు."

"మీరు ముందే చెప్పుంటే నేను అంత మాట అనేదాన్నా?"

"చెబితే నువ్వు ఇంకొకళ్లని పిలుచుకునేదానివి కదమ్మాయ్." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. "మా ఆఫీసులో ప్రూఫుల గది ఎత్తేశాక నన్ను ఇది చదివిపెట్టమని ఎవరూ అడగలేదు. నువ్వొచ్చి అడిగావు. కనిపిస్తుందిలే, కాస్త దగ్గరికి వంగితే సరిపోతుందిలే అనుకున్నాను. రోజూ అలాగే అనుకున్నాను. నీ పని చెడగొట్టాను."

రాగసుధ గుమ్మం వదిలి, గొంతు వచ్చిన వైపు రెండడుగులు వేసింది. క్షమించమని అడిగింది. అరుణాదేవి ఆమె భుజం తట్టి, ఊరుకోమంది. రాగసుధ కళ్లు తుడుచుకుని, ఏదో ఒకటి చేయాలన్న ఆత్రంలో నోరు తెరవబోయింది.

"ఆ చుక్కలు నేర్పిస్తానని మాత్రం అనకు" అంది అరుణాదేవి, ముందే కనిపెట్టినట్టు. "నేనింకా అంత దూరం రాలేదు."

ఆపరేషన్ పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో జరిగింది. అరుణాదేవి అన్నకొడుకు అనుదీప్ బేగంపేట నుంచి కారు తెచ్చాడు. రాగసుధ కూడా వెంట వెళ్లి, వరండాలో ఇనప కుర్చీలో కూర్చుంది. మందుల వాసన, చెప్పుల చప్పుళ్లు, టోకెన్ నంబర్లు పిలిచే గొంతు. చెవిలో ఫోన్ ఒక ఉత్తరం చదివింది. ఆమె పంపిన వరసను కెర్నెల్‌లోకి తీసుకున్నారు. కృతజ్ఞతలు అని ఒక్క మాట, అంతే. అరుణాదేవిని కంటికి కట్టుతో బయటికి తీసుకొచ్చినప్పుడు ఆ మాట చెబుదామనుకుంది. కానీ అనుదీప్ చుక్కల మందు గురించి నర్సును అడుగుతున్నాడు, వెనకాల ఇంకో స్ట్రెచర్ వస్తోంది.

"అత్తయ్యని ఇక మా ఇంట్లోనే ఉంచుకుంటామండి" అన్నాడు అనుదీప్. "ఒక్కతే ఎలా ఉంటుంది? మిమ్మల్ని అమీర్‌పేటలో దింపేదా?"

"మెట్రోలో వెళ్తానండి."

"ఫోన్ చేస్తానమ్మాయ్" అంది అరుణాదేవి కారులోంచి.

ఫోన్ రాలేదు. రాగసుధ చేస్తే అనుదీప్ భార్య తీసి, పడుకున్నారండి అంది. రెండోసారీ అదే. పై ఇంటి సామాను ఒకరోజు లారీలోకి దించారు. కొన్నాళ్లకు అందులో ఎవరో కోచింగ్‌కు వచ్చినవాళ్లు దిగారు. బకెట్లు ఈడ్చే చప్పుడు, గట్టిగా పాటలు.

ఆ మధ్యలో ఒక ఉత్తరం వచ్చింది. ఏదో చలిదేశంలో ఒక పెద్దాయన. ఆయనది కూడా ఇదే పలకట. కొన్ని నెలల కిందట ఉన్నట్టుండి ఆగిపోతే, తనలాగే దానికీ వయసైపోయిందనుకుని బీరువాలో పెట్టేశాడట. ఆమె చేర్చిన వరసున్న కెర్నెల్ వచ్చాక ఇప్పుడు మళ్లీ పనిచేస్తోందట. రాగసుధ ఆ ఉత్తరాన్ని చెవితో కాకుండా వేళ్లతో చదివింది, నిదానంగా. చదివాక ఎవరికైనా చెప్పాలనిపించి, లేచి రెండు మెట్లెక్కాక ఆగి, వెనక్కి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం తెల్లకర్ర తీసుకుని బయల్దేరింది. బేగంపేట కూడా ఒక్క స్టేషనే. అనుదీప్ ఇల్లు కనుక్కోవడానికి నలుగురిని అడగాల్సి వచ్చింది. ఒకాయన అడక్కుండానే మోచేయి పట్టుకుని రోడ్డు దాటించి, తప్పు సందులో వదిలిపెట్టాడు. మళ్లీ వెనక్కి తిరిగి వెతుక్కుంది. ఇంట్లో టీవీ గట్టిగా మోగుతోంది. అనుదీప్ భార్య ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్లి, కుర్చీ వేసి వెళ్లిపోయింది.

"ఎవరూ?" అంది అరుణాదేవి.

"నేనాంటీ. రాగసుధని."

"ఏంటమ్మాయ్ ఇంత దూరం? మళ్లీ ఏదైనా చెడిందా?"

"లేదాంటీ. అన్నీ బాగానే ఉన్నాయి. ఊరికే వచ్చాను."

"ఊరికేనా" అని ఆవిడ ఆ మాటను ఒకసారి అనుకుంది.

కన్ను ఎలా ఉందంటే పరవాలేదంది, వెలుగు ఎక్కువైతే నీళ్లు కారుతున్నాయంది. ఇక్కడ అందరూ బాగానే చూస్తున్నారంది, ఒక్క పనీ ముట్టుకోనివ్వరంది. రాగసుధ చలిదేశం పెద్దాయన గురించి చెప్పింది. "పాపం" అంది అరుణాదేవి. పక్క గదిలో టీవీలో ఎవరో నవ్వుతున్నారు. చీకటి పడేలోపు వెళ్లాలని రాగసుధ లేచింది. ఆవిడ మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"వచ్చే ఆదివారం ఏం చేస్తుంటావు?"

"ఏమీ లేదాంటీ."

"సరే అయితే" అంది అరుణాదేవి.

రాగసుధ మెట్లు దిగి, కర్రతో నేల తాకి చూసుకుని, స్టేషన్ వైపు నడిచింది.